మోరీ మన్ను కుంటల పడకుండ

"పెద్దవ్వా, మన వాడల మోరీ కట్టినప్పటి ముచ్చట చెప్పవా? ఫోన్ల రికార్డు చేసుకుంట. మా ఇంజనీరింగు కాలేజీల చెప్పాలె."

చేసుకో బిడ్డ. జర దగ్గర పెట్టు, నా గొంతు మంచిగ పడాలె. పేరు అయిలవ్వ అని చెప్పు మీ సార్లకు. పాలకుర్తి దిక్కు మా ఊరు, వార్డు మెంబరు గెలిచిన అని సుత చెప్పు. ఉత్తగ గెలువలే మల్ల. మోరీ కట్టిస్త అని మాటిచ్చి గెలిచిన.

అప్పటి వాడ నీకు యాదికి ఉండది, చిన్నదానివి. ఇండ్లల్ల వాడిన నీళ్ళన్ని తొవ్వ మీదనే నిలుస్తుండె. కంపు, దోమలు, ప్రతి ఇంట్ల జ్వరాలు. మీ పెద్దతాత సుత గా జ్వరంతోనే మంచం పట్టిండు. జనగామ దవాఖానల ఉంటిమి. ఆయన సంగతి నీకెర్కేనాయె, చేతికి గ్లూకోజు ఎక్కుతాంటె బీడీ తెమ్మన్నడు. నర్సమ్మ తిట్టింది. ఏం చెప్తున్న నేను? ఆ, మోరీ. ఆయన పోయినంక నాకు పట్టుదల ఎక్కువైంది. మండలాఫీసు సుట్టు తిరిగి తిరిగి మంజూరు చేయించిన. ఎవ్వలు చేయించలే, నేనే.

ఇగ పని ఎప్పుడు మొదలువెట్టిండ్రు? సరిగ్గ వానలు పడే టైముల. జేసీబీతోని తవ్వి మన్నంత కాలువ పొంటి కుప్ప పోసిండ్రు. మోరీ నీళ్ళు ఊరవతల గుంతలకు పోతయి, గది వేరే. నేను చెప్పేది వాన నీళ్ళ కాలువ. గది సక్కగ పోయి కుంటల పడతది. గప్పుడే నా యారాలైన మీ అవ్వ ఎల్లవ్వ, మీ తాత కలిసి కుంటల చేపపిల్లలు పోసిండ్రు. నా కొడుకు చేపల పని ఇడిసిపెట్టి జనగామల దుకాణంల పనికి కుదిరిండు గని, మీ అవ్వోళ్ళకు గా కుంటనే పొలం, కుంటనే బర్రె. అండ్ల పంట రాకపోతె ఆ ఏడు గడువది.

ఒక్క పెద్దవాన కొట్టింది బిడ్డ. తెల్లారి చూస్తె కుంటంత ఇటుక రంగు. చేపపిల్లలు నీళ్ళ మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయి. మీ అవ్వ కొంగు నడుముకు చెక్కుకోని నా వాకిట్ల నిలవడ్డది. "అక్కా, నీ మోరీ మా చేపలను మింగుతాంది. పని బందు పెట్టియ్యి" అన్నది. బందు పెడితె మల్ల ఎవడు మొదలుపెడతడు? తవ్విన గుంతలు అట్లనే ఇడిసి పోతరు, పోరగాండ్లు పడతరు. "మోరీ ఆగది, నీ చేపలు పోవు" అన్న. "రెండెట్లయితయి?" అని మూతి తిప్పుకోని పోయింది. ఆ రోజు సంది మాట బందు. ఎదురువడితె లేని బర్రెను అదిలించుకుంట పక్కకు పోయేది. నవ్వకు, మీ అవ్వ గట్లనే చేసింది.

నాకు ఒకటే పరేషాన్. మోరీ పని చూసే ఇంజనీరమ్మకు ఫోను కొట్టిన. మానుకోట దిక్కు పిల్ల, మంచిది, మోకాళ్ళ లోతు బురదల దిగి చూసింది. "అవ్వా, ముందుగాల మన్ను కుప్పలు కాలువ పొంటికెల్లి తీసేయాలె, ఇండ్ల దిక్కు పోయాలె. పైన పరద కప్పాలె. కుంటకు ఇవతల కాలువల గుంత తీసి, దాని అవతల కంకర సంచులు అడ్డం పెట్టాలె. మన్ను గుంతల కూసుంటది" అన్నది.

ఇండ్ల దిక్కు అంటె ఎవలి ఇంటి ముంగట? అందరు నేల చూస్తాండ్రు. "నా వాకిట్ల పోయుండ్రి" అన్న. అప్పుడు సూడు, ఒక్కొక్కరు మా ముంగట సుత పోయుండ్రి అన్నరు. వడ్ల మీద కప్పే పరదలు తెచ్చి కప్పినం. వానలు పోయేదాక నేను గా మన్నుగుట్ట పక్కకెల్లి అడ్డం తిరిగి ఇంట్లకు పోయిన.

కాలువల గుంత తవ్వినం. ఇగ సంచులు. కంకర లారీ ఇంక రాలే, మబ్బు పట్టింది. మేము ఆడోళ్ళం ఊకుంటమా? యూరియా సంచులల్ల మన్ను నింపి, కాలువకు అడ్డం పేర్చి, సందులల్ల రేగడి మెత్తి, కాళ్ళతోని తొక్కి తొక్కి గట్టి చేసినం. పొలం ఒడ్డు పెట్టినట్టు పెట్టినం. పుట్టినప్పటి సంది చేసిన పని గదేనాయె, బొట్టు నీళ్ళు పోనిస్తమా? పోనియ్యలే. వాన పడ్డది, నీళ్ళన్ని ఎనుకకు తన్ని వాడలకు ఎక్కినయి. నా అర్రలకు సుత వచ్చినయి, చెప్పులు తేలినయి, కోళ్ళు గోడెక్కినయి.

ఇంజనీరమ్మ వచ్చి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "అవ్వా, నీళ్ళను ఆపుమనలే, మన్నును ఆపుమన్న. నీళ్ళు నిమ్మలంగ పోవాలె" అన్నది. "అంటె సిబ్బి పెట్టి గంజి వంచినట్టా?" అన్న. "అగో, గంతే" అన్నది. ముందుగాలనే గట్ల చెప్తె అయిపోతుండె గదా!

మన్ను సంచులు పీకేసి, కంకర వచ్చినంక కంకర సంచులు వదులు వదులుగ పెట్టినం. వాన వెలిసినప్పుడల్ల గుంతల కూసున్న ఒండ్రు తోడి చెలకలల్ల పోసినం. రోజు పొద్దుగాల పోయి కుంట చూసొచ్చేదాన్ని. మెల్లమెల్లగ నీళ్ళు తేటవడ్డయి. మోరీ సుత ఆగలే, వాడ చివరిదాక పోయింది. ఇప్పుడు చూడు తొవ్వ ఎంత పొడిగున్నదో. చుట్టుపక్కల ఊర్లోళ్ళు వచ్చి చూసిపోయిండ్రు. నేను దగ్గరుండి తిప్పి చూపిచ్చిన, ఛాయ సుత పోయిచ్చిన.

మీ అవ్వ మాత్రం మాట్లాడలే. చలికాలం పోయింది, మాట్లాడలే. ఎండలు ముదిరినంక కుంటల వల వేసిండ్రు. నేను పోలే, పిలువంది ఎందుకు పోతని ఇంట్లనే కూసున్న. చెవులైతె కుంట దిక్కే ఉన్నయి. పొద్దెక్కినంక తలుపు చప్పుడైంది. మీ అవ్వ. చేతుల ఇంత బొచ్చె చేప, ఇంక కొట్టుకుంటాంది. సక్కగ లోపలికొచ్చి కత్తిపీట ముంగటేసుకున్నది. "అక్కా, చింతపండు నానవెట్టు" అన్నది. గంతే.

నేను అటు తిరిగి చింతపండు నానవెట్టుకుంట ఏడ్చిన బిడ్డ.

నువ్వు సుత రేపు గీ పనులే చేస్తవు. కొంగు చెక్కుకోని లొల్లికొచ్చేటోళ్ళు నీకు సుత ఎదురైతరు. కోపం చెయ్యకు, వాండ్లది ఏం పోతాందో పోయి చూడు. మంచిగ చదువుకో, సల్లగ బతుకు, నీ చేతి పని పదికాలాలు నిలువాలె. ఇగ ఆపు ఫోను. ఏడ్చిన అన్నకాడ మాత్రం మీ అవ్వకు ఇనిపియ్యకు.