ముప్పై ఎనిమిది కాని ముప్పై ఎనిమిది

ఏంటమ్మాయ్, తూటాలకి ఆ పేర్లెలా వచ్చాయనా? పోయి పోయి నన్నే అడిగావూ! ఆ గొడవతోనే కదా మీ తాత, అదే మా బావ, నా ప్రాణం తోడేసింది. అక్క మొగుడు కాబట్టి భరించాగానీ, ఆయన తుపాకుల కొట్లో పక్కన కూర్చోవడం మాటలనుకున్నావా? సరే, విను. ముప్పై ఎనిమిది అంటారే, అంటే అంగుళాన్ని వంద ముక్కలు చేస్తే అందులో ముప్పై ఎనిమిదన్నమాట. తీరా గుండుని కొలిస్తే ముప్పై ఆరు కూడా నిండదు! ఎందుకంటావేమో, పూర్వం గుండు కూడా వెనక మందు కూరే ఇత్తడి గొట్టమంత లావుండేది. తర్వాత దాన్ని సన్నం చేసి గొట్టంలోకి దించారు. గుండు చిక్కింది, పేరు చిక్కలేదు. గొట్టం పొడుగు చేసి స్పెషల్ అన్నారు. ఇంకాస్త పొడుగు చేసి మాగ్నమ్ అన్నారు, అదేదో పెద్ద వైన్ సీసా పేరట, మన ఖర్మ! దానికి మాత్రం అసలు కొలతే పెట్టారు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన మూడొందల యాభై ఏడని. ఇక ముప్పై రెండనేదే ఇంకోచోట మిల్లీమీటర్లలో ఏడు పాయింట్ ఆరు ఐదు. ఒకటే తూటా, రెండు పేర్లు. ఏం చేస్తాం? లోకం అలా పిలుస్తోంది, మనమూ పిలుద్దాం అంటామా లేదా? మా బావ అనడే! "అబద్ధం పేరుతో సరుకు అమ్మమంటావుట్రా?" అని నామీద లేచేవాడు. ఒకరోజు సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పుచ్చుకుని అన్నీ కొలిచి, డబ్బాల్లోంచి తీసి, గుండు లావుని బట్టి సొరుగుల్లో పోశాడు. పొట్టి స్పెషలూ పొడుగు మాగ్నమూ ఒకే సొరుగులో! "బావా, కొంప ముంచుతావు" అన్నాను. వింటేగా.

బ్యాంకు గార్డు ఒకడుండేవాడు, మెతక మనిషి. పాత తూటాలు ప్రాక్టీసులో అయిపోయాయి, ముప్పై ఎనిమిదివి కావాలన్నాడు. అంతే, ఈయనకి పండగే. "ముప్పై ఎనిమిదనేదే లేదయ్యా!" అని మొదలెట్టి, వెర్నియర్ అతని ముక్కు కింద పెట్టి, ఆ ఉపన్యాసంలో చెయ్యి దేన్ని తీస్తోందో చూడకుండా గుప్పెడు పొట్లం కట్టిచ్చాడు. వారం పోయాక నేను సొరుగు సర్దుతుంటే పొట్టివి ఉన్నవున్నట్టే ఉన్నాయి, పొడుగువి తగ్గాయి. అతని రివాల్వరేమో పొట్టివాటిది. ఆ పొడుగువి అందులో పూర్తిగా దిగవు, తూటాలు పెట్టే చక్రం మూసుకోదు!

పొట్టివి పట్టుకుని ఇద్దరం పరిగెత్తాం. దారంతా తిట్టాను బావని, నోటికొచ్చినట్టు. వెళ్తే ఏముంది, గార్డు బ్యాంకు గుమ్మంలో ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు, నడుముకి ఖాళీ తుపాకీతో. వారం నుంచీ అలాగేనట. "చెప్పి చావొచ్చు కదయ్యా! ఎవడైనా మీదికొస్తే ఏమయ్యేవాడివి?" అని నేను అరిస్తే, అతను బావ వంక చూసి మెల్లిగా అన్నాడు, "అన్న కొలిచి మరీ ఇచ్చాడు కదండీ. నా తుపాకీలోనే ఏదో లోపం అనుకున్నా. మేనేజరుకి చెబితే ఉద్యోగం పోతుందని..."

బావ తుపాకీ అడిగి తీసుకున్నాడు. పొట్టి తూటాలు తనే ఒక్కొక్కటీ రెండేసిసార్లు చూసుకుని ఎక్కించాడు. అంత తిట్టినవాణ్ణి, అది చూశాక నాకు...

ఆ కిటికీ వెయ్యమ్మా, కళ్ళలోకి దుమ్మొస్తోంది.