మగ్గం గుంత మన్ను

నల్లగొండ దగ్గర ఒక చిన్న దవాఖాన, 1962 ఎండాకాలం. మంచం మీద నేతగాడు భిక్షపతి, ఒక కాలి పుండుకు కట్టుతో, కళ్ళు మూసుకొని పడుకున్నాడు. పక్కన తల్లి వెంకటనర్సమ్మ, డాక్టర్ రామచంద్రం.

"అవ్వా, కట్టుల మల్లా మన్ను ఉన్నది."

"మన్నేంది సాబ్? నాకేమెరుక?"

"కట్టు ముట్టద్దని చెప్పిన్నా లేదా?"

"చెప్పినవు. గదంత నా కోడలు ఆండాళు పనే సాబ్. ఎవ్వలు సూడకుంట విప్పి పెట్టింది. అందుకే గదా మావోడు దాన్ని తన్ని కట్టంగూర్ల తల్లిగారింటికి ఎల్లగొట్టిండు."

"ఎల్లగొట్టి వారమాయె. గీ మన్ను ఇంకా తడిగున్నది."

"ఎండలు గదా సాబ్, చెమట—"

"చెమటకు మన్నొస్తదా?"

"జర మెల్లగ సాబ్. మావోడు లేస్తడు."

"లేవనీ. ఎవలు పెట్టిండ్రు?"

"మగ్గం గుంత మన్ను సాబ్. పరాయిది గాదు. కాళ్లు వెట్టి కూసొని నేసే గుంత, మాకు తల్లి అసొంటిది. దెబ్బ తాకితే మా అత్త గదే పెడుతుండె. నీ సూదికి తోడైతదనుకున్న."

"తోడా? గా మన్నుల కంటికి కనవడని పురుగుంటది. అది ఒక రసం ఇడుస్తది. నేనిచ్చే పెన్సిలిన్‌ను గా రసం ముక్కలు ముక్కలు చేస్తది. ఇగ పుండుల చీము పట్టించే పురుగులకు అడ్డెవడు? చీము పట్నం పంపిస్తే పరీక్ష చేసి గదే చెప్పిండ్రు."

"గంత చిన్న పురుగు సూదిమందును మింగుతదా?"

"మింగింది. పొద్దుగాల నేను పొడుసుడు, మాపటికి నువ్వు దానికి మేత పెట్టుడు."

"ఇగ పెట్ట సాబ్. నా కొడుకు మీద ఒట్టు. ఇంకో పెద్ద సూది ఇయ్యి."

"సూదులతోని అయ్యేది దాటిపోయింది. మోకాలు కాడికి తియ్యాలె. లేకుంటే పానం పోతది."

"కాలు తీస్తే మగ్గమెట్ల తొక్కుతడు సాబ్?"

"గా మాట మన్ను పెట్టంగ యాదికి రావాలె."

"నీ కాళ్లు మొక్కుత, వానికి మాత్రం చెప్పకు. ఆండాళే పెట్టిందని ఉండనీ. అదెట్లగూ పాయె."

"అమ్మా."

"కొడుకా... మేలుకొనే ఉన్నవా?"

"తీస్తే రెండు కాళ్లూ తియ్యుండ్రి సాబ్. ఆండాళును తన్నింది గా మంచి కాలుతోనే."