సలోమి కుడిచెయ్యి

1982. అమలాపురం దగ్గర ఓ హైస్కూలు ఆటస్థలం. తెల్లారితే కాకినాడలో జిల్లా బాలికల సాఫ్ట్‌బాల్ జట్టుకి ఎంపిక. అరిచి అరిచి డ్రిల్లు మాస్టారు ప్రభాకరరావు గొంతు బొంగురుపోయింది. బంతి పట్టే క్యాచర్ సలోమి వేలికి తడిగుడ్డ చుట్టుకుని నిలబడింది. ఆమె మామ్మ పాపాయమ్మ ఎవరూ పిలవకుండానే గేటు దాటి వచ్చేసింది.

“కుడిచెయ్యి వీపు వెనక్కి పెట్టుకోమన్నానా లేదా, సలోమీ?”

“అన్నారండి.”

“మరి బంతి రాగానే ఆ చెయ్యే ఎందుకు ముందుకొస్తుంది? గ్లవ్ ఎడంచేతికి కదా ఉంది! వేలు ఎలా వాచిందో చూడు.”

“అలవాటండి.”

“అలవాటు, అలవాటు! ఎప్పుడడిగినా అదే మాట!”

“పిల్లమీద అరవకండి మాస్టారండీ. ఎడంచేత్తో ఏదీ పుచ్చుకోకూడదని నేనే నేర్పేను.”

“పాపాయమ్మగారూ, అది బంతండి. ప్రభువు బల్ల దగ్గరిచ్చే రొట్టె కాదు.”

“ఏదైనా ఒకళ్లిచ్చిందే కదండీ.”

“ఇవ్వట్లేదండి, విసురుతున్నారు! బంతులేసే ఆ తులసి చెయ్యి గిర్రున తిప్పి వేస్తుంది. అంత జోరుగా వచ్చేదాన్ని ఉత్త చేత్తో ఆపితే వేళ్లుంటాయా?”

“పోనీ రెండు చేతులూ పట్టమనండి. పెద్దోళ్లిచ్చినప్పుడు రెండు చేతులూ పట్టవేటండి?”

“అమ్మా, మీకు దణ్ణం పెడతాను. ఎడంచేత్తో పట్టుకోవాలి, కుడిచేత్తో విసరాలి. నేను చెప్పే పద్ధతి అంతే. దీనికి పట్టడమూ రావట్లేదు, విసరడమూ రావట్లేదు. బంతి రెండో బేసు దగ్గరున్న పిల్ల దాకా పోకుండా దారిలోనే కూలబడుతుంది.”

“అన్నం సరిగ్గా తినదండి, అందుకే…”

“తిండి సంగతి కాదండి! రేపు ఇలాగే ఆడితే మొదటి పూటే ఇంటికి పంపించేస్తారు. ఏమ్మా, అసలు నీకు ఆడాలని ఉందా లేదా?”

“ఉందండి. చాలా ఉందండి.”

“అయితే ఇలా రా. నీ ఓణీతో కుడిచెయ్యి నడుముకి కట్టేస్తాను. ఎడంచెయ్యి దానంతటదే దారికొస్తుంది.”

“వద్దండి, వద్దండి! ఆ చెయ్యి మళ్లీ అలవాటు చెయ్యకండి. మానిపించడానికి నేనెంత…”

“మళ్లీ ఏమిటి? ఏం మానిపించేరు?”

“ఏం లేదండి. పొద్దుపోయింది. పదవే సలోమీ.”

“ఉండండి. సలోమీ, నువ్వు చెప్పు.”

“చెప్పకే!”

“చెప్తాను మామ్మా. నాది పుర్రచెయ్యండి మాస్టారూ. చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం తింటున్నానని మామ్మ అట్లకాడ కాల్చి వాత పెట్టింది. ఇదిగోండి, మచ్చ.”

“గ్లవ్ తొడిగిన రోజే చెప్పొద్దూ? కుడిచేతికి తొడగాల్సింది ఎడంచేతికి తొడిగి, పైపెచ్చు ఇన్నాళ్లూ నిన్నే తిడుతున్నానా నేను?”

“బయట చెప్పనని ఒట్టేయించుకుందండి.”

“నలుగురూ నవ్వుతారనండి, మాస్టారండీ. ఆడపిల్ల కదా అని నా భయం నాది.”

“మీరాగండి పాపాయమ్మగారూ. సలోమీ, నీ చేత్తో విసిరితే బంతి ఎందాకా పోతుంది?”

“మీరెళ్లిపోయాక రోజూ విసురుతూనే ఉన్నానండి. రెండో బేసు దాటి అవతలి ప్రహరీకి తగులుతుంది. రేపు ఆ చేత్తోనే విసురుతాను. తిరిగొచ్చాక, కావాలంటే ఇంకో వాత పెట్టుకో మామ్మా.”