ప్రేమ్‌ను వెతుక్కుంట పోయిన దీవి

“అమ్మమ్మా, మీరు అండమాన్ పోయొచ్చిన్రట గదా! మేము వచ్చే నెల పోతున్నం. ఎట్లుంటది?”

పోయొచ్చినం బిడ్డా. ఎవ్వలు చెప్పిన్రు నీకు, మీ అత్తనా? ఆమె గంతే చెప్పిందా... సరే, కూసో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతది. ఇగో, ఈ పీట మీద కూసో. నువ్వు ఈ బొగ్గుబాయి క్వార్టర్లకు కొత్తగ వచ్చిన కోడలివి, నీకు తెల్వదు.

మాకు ఒక్కడే కొడుకు, ప్రేమ్. పెండ్లైన తొమ్మిదేండ్లకు పుట్టిండు. మీ తాత ముప్పై ఏండ్లు బాయిల బొగ్గు కొట్టిండు... కాదు, మొదట తట్ట మోసిండు, తర్వాత కొట్టిండు. మోకాళ్ళు అరిగినయని అన్‌ఫిట్ చేసిన్రు. గట్ల చేస్తే ఆ నౌకరి కొడుక్కిస్తరు గదా. దాని కోసం మంది ఎంత తండ్లాడుతరో నీకెరికే. మీ తాత కాయితాలన్ని తయారు చేసిండు. నేనే అడ్డం పడ్డ.

మా నాయిన బాయిలనే పోయిండు, పైకప్పు కూలి. నాకప్పుడు ఏడేండ్లు. గప్పుడు కిలో బియ్యం రూపాయో, రూపాయిన్నరో. అదన్న లేక మా అమ్మ జొన్న గట్క కాసి పోసేది. ఒక పూట మా తమ్మునికి పోస్తే నాకు లేకపోయేది... ఏం చెప్తున్న? ఆఁ, నౌకరి. రెండు దినాలు ముద్ద ముట్టలే నేను. “నా కొడుకు భూమిలకు దిగద్దు, పైన వెలుతురుల ఏ పని చేసుకున్నా మంచిదే” అన్న. మీ తాత శాన చెప్పిండు, “అప్పటి లెక్క లేదే ఇప్పుడు, మిషన్లచ్చినయ్” అని. నేను ఇంటెనా? ఆఖరికి ఆ కాయితాలు పెట్టెల పెట్టి మూతేసిండు.

ప్రేమ్ ఆడింత ఈడింత చేసిండు. మా తమ్ముడు శ్రీరాంపూర్ల ఉంటడు, వాని దోస్తు ఒకాయన అండమాన్ల పని చేస్తడు. ఆయన ఎంబడి పోయిండు. ఆడ మనోళ్ళు మస్తుమంది ఉన్నరట. ఒక చిన్న దీవిల, చూడవచ్చినోళ్ళను పడవ మీద తిప్పే పని. ఫోన్ల సూపెట్టేటోడు. “అమ్మా, సూడే ఎంత వెలుతురో! నువ్వడిగిన నౌకరే దొరికింది” అని నవ్వేటోడు. నేను కాలనీ అంత చెప్పుకుంట తిరిగిన.

ఒకనాడు పొద్దుగాల ఫోనొచ్చింది. పడవ బోర్ల పడ్డదట. మా ప్రేమ్ ముగ్గురిని పట్టి ఇంకో పడవలకు ఎక్కిచ్చిండట. వాడు దొరుకలే. గోదారిల ఈత నేర్చినోడు బిడ్డా వాడు.

జల్ది పోదమన్నా ఆడికి నాలుగో దినం చేరినం. ఇమానం ఎక్కినం, మళ్ళ ఓడ ఎక్కినం. ఏ ఒక్కటీ నాకు యాదికి లేదు. దిగి నడిస్తే... ఉసికె. తెల్లగ, బియ్యప్పిండి ఆరబోసినట్టు. మనకు దండెం మీద చీరేస్తే బొగ్గు దుమ్ముకు మాపటికి నల్లగైతది సూడు, గసొంటిది ఆడ ఆ తెలుపుకు కండ్లు తెరవరాదు. నీళ్ళు అద్దం లెక్క. గంత మంచి జాగ నేను పుట్టి బుద్ధెరిగి చూడలే. జర పాడు జాగైతే తిట్టుకుందును. ఏమని తిట్టాలె దాన్ని?

రెండు దినాలు ఆడ్నే కూసున్నం. పడవలోళ్ళు పొద్దున పోతుండె, వట్టి చేతులతోని వస్తుండె. మా దగ్గరికి రాకముందే తల దించుకునేటోళ్ళు. సుట్టూత మంది నవ్వుకుంట, ఆడుకుంట ఉన్నరు. వాళ్ళకేం తెలుసు, పాపం. ఒక కొత్త జంట మా మాట ఇని దగ్గరికొచ్చిన్రు. “అంకుల్, మీరు తెలుగోళ్ళేనా? జర ఒక్క ఫోటో తీస్తరా?” అన్నడు ఆ పిలగాడు. నాకు పాణం పోయినంత పనైంది. మీ తాత లేచిండు. ఆ సముద్రం దిక్కు ఫోను పట్టి, “ఇంకొంచెం ఇటు జరుగుండ్రి బిడ్డా” అని చెప్పి మరీ తీసిండు. ఆ పిల్ల చూసి, “మంచిగొచ్చింది అంకుల్, థ్యాంక్స్” అన్నది. ఆయన తలూపి, వచ్చి నా పక్కకు కూసున్నడు.

గప్పుడు నాతోని కాలే. ఆయన అంగీ పట్టుకొని గుంజిన. “అను! నీ వల్లనే పోయిండు అను. బాయిల ఉంటే పాణంతోని ఉండేటోడు అను” అని మొత్తుకున్న. ఆయన నా దిక్కు చూసిండు. చూసి, “ఉసికె కాలుతున్నది, చెప్పులేసుకో” అన్నడు. గంతే.

మా చర్చి సంఘపోళ్ళు, వాడు దొరుకలేదని, ఆడి మన్ను తెచ్చి పెట్టెల పెట్టి సమాధి చేద్దమన్నరు. నేను తేలే. పాస్టరయ్య వట్టి ప్రార్థనే చేసిండు.

ఇప్పటిదాక ఒక్కనాడు ఆ మాట అనలే ఆయన. కోపంలన్న నోరు జారితే బాగుండు, నేను జవాబు చెప్పుకుందును. పొద్దున లేస్తడు, ఆ మోకాళ్ళతోనే పొయ్యి కాడ నిలవడి చాయ్ పెట్టి నాకిస్తడు. అది సల్లారేదాక గిలాస చేతుల పట్టుకొని కూసుంట బిడ్డా...

అయ్యో, ఎందుకేడుస్తున్నవే? నిన్ను పోవద్దంటలేను. పోండ్రి. మంచి జాగ, నేను అబద్ధం చెప్ప. కాకపోతే నీళ్ళల్ల మోకాళ్ళదాకనే దిగుండ్రి, ఎవలు రమ్మన్నా ఆడికే. ఇద్దరు కలిసి పోయి కలిసి రాండ్రి. దేవుడు నిన్ను సల్లగ చూడాలె, నీ కడుపు... పిల్లలు పుడితే బిడ్డా, వాళ్ళు ఏం నౌకరి చేస్తమంటే... ఏమో. నాకేం తెలుసు. నన్నడగకు.