ఊడొచ్చిన తీగ

మిట్టమధ్యాహ్నం మందుల షాపు ముందు ఎండలో ఒక పాత ఎలక్ట్రిక్ కారు ఆగి ఉంది. పక్కనే నిలబడి ఒక యువతి మెకానిక్‌కి ఫోన్ చేసింది.

“అన్నా, మందులు కొనుక్కొచ్చేసరికి కారు చచ్చిపోయింది. లోపలికి ముడుచుకున్న తలుపు హ్యాండిళ్ళు బయటికి రావట్లేదు. లోపల మా అమ్మ ఉంది!”

“కంగారు పడకమ్మా. తలుపులకి కరెంటిచ్చే చిన్న బ్యాటరీ దిగిపోయుంటుంది. ముందు తలుపుకి లోపల మీట ఉంటుంది, అమ్మగారిని లాగమను.”

“తను వెనక సీట్లో ఉంది. మోకాలి ఆపరేషనై వారమే అయింది, ముందుకి రాలేదు. చెమటతో తడిసి ముద్దయిపోయిందన్నా!”

“వెనక తలుపు జేబు అడుగున ఒక తీగ ఉంటుంది, అది లాగమను.”

“అమ్మా, ఆ జేబులో చెయ్యి పెట్టు! ఆఁ, అదే, లాగు! అన్నా, తీగ ఊడి చేతికొచ్చింది. తలుపు తెరుచుకోలేదు. అన్నా, వింటున్నావా?”

“పోయిన నెల ఆ తలుపు విప్పింది నేనే తల్లీ. తీగ కొక్కేనికి తగిలించడం మర్చిపోయినట్టున్నాను.”

“అమ్మ తల వాల్చేసింది!”

“అద్దం పగలగొట్టు! అమ్మకి అవతలి పక్క కిటికీ. మధ్యలో కాదు, మూల మీద కొట్టు. రాయో ఇనప ముక్కో, ఏది దొరికితే అది!”

ఫోన్‌లో అతనికి రెండు దెబ్బలు, గాజు రాలిన చప్పుడు వినిపించాయి. అతను ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకున్నాడు.

“తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఏదో ఒకటి మాట్లాడు.”

“మొహాన నీళ్ళు చల్లానన్నా. కళ్ళు తెరిచింది.”

“ఏమైనా అంటోందా?”

“‘నీ చెయ్యి తెగిందే, ముందు అది చూసుకో’ అంటోంది.”