ఇసకలో ఉప్పు మబ్బు

"అవ్వా, మబ్బుల్ని పైనుంచి తీసిన బొమ్మ మొట్టమొదట ఎక్కడ చూసినావు?" అని అడిగితే చెప్పింది:

ఎక్కడేంది అబ్బయ్యా, మన మైపాడు ఇసకలోనే. అప్పుడు ఫోన్లా ఏమన్నానా? మా తమ్ముడు దేవసహాయం ఉప్పు పోసి చూపించినాడు. నీకు చిన్న తాత అవుతాడు. నువ్వు చూళ్ళేదులే.

వాడు బీయెస్సీ చదివి మద్రాసులో వాతావరణం ఆఫీసులో చేరినాడు. అరవైల్లో మాట. అప్పుడు నెల్లూరికి బస్సు పావలానో, కాదు, ఇంకా తక్కువే, అదీ ఇయ్యలేక చేపల గంపతో నడిచేవాళ్ళం. ఆ, ఏం చెప్తున్నా? వాడికి కోపం జాస్తి. సెలవుకొస్తే చేతినిండా పుస్తకాలు, నోటినిండా నినాదాలు. "విజ్ఞానం ప్రజల సొత్తు" అని అన్నం ముందర కూర్చోని అరిచేవాడు. మీ తాత "సరే బామ్మర్దీ, ముందు ఆ పులుసు ప్రజలకు రానీ" అని గిన్నె లాక్కునేవాడు.

వాడి కోపం ఎందుకంటే, పైదేశం వాళ్ళు ఆకాశంలోకి శాటిలైటు వదిలినారు కదా, అది మబ్బుల్ని పైనుంచి ఫోటో తీసి పంపేది. ఆ ఫోటోలు పరిశోధన కోసమని వీళ్ళ ఆఫీసు బీరువాలో పెట్టేవాళ్ళంట. తుఫాను వచ్చి పోయినాక తీరిగ్గా చూసేదానికి. "సముద్రంలో పోయినోళ్ళు లేచొచ్చి చదువుతారా? పొద్దున బొమ్మలో కనపడింది సాయంత్రం హెచ్చరికలో ఉండాల" అని పై ఆఫీసర్లతో రోజూ కొట్లాడేవాడు. కొట్లాడి కొట్లాడి ఒప్పించినాడు.

మొదటిసారి హెచ్చరిక వచ్చినప్పుడు చూడాలే, సముద్రం నూనె పోసినట్టుంది. ఆకాశాన మబ్బు తునక లేదు. వంజరం చేప బాగా పడే రోజులు. అయినా ఊళ్ళో టముకు వేసినారు, వేటకు పోవద్దని. మీ తాత పడవ పడవకీ పోయి, మా బామ్మర్ది పంపించిన మాట, ఆగండన్నాడు. అందరూ ఆగినారు. గాలి గూడా రాలేదబ్బయ్యా. పక్కూరోళ్ళు పోయి పడవ నిండా తెచ్చుకున్నారు. ఇంక చూసుకో, "ఏం యోహానూ, తుఫాను బస్సు తప్పిపోయిందా?" అని సుబ్బన్న మీ తాతను దెప్పినాడు. మీ తాత కంటే పెద్దోడు, నోరు కత్తి. మీ తాత రెండు పూటలు అన్నం ముట్టలేదు. నాకేమో ఒకటే గుబులు. రేపు నిజంగా వచ్చేటప్పుడు వీళ్ళు వింటారా? వినకపోతే మొదట పొయ్యేది మా ఆయనే కదా, ఆ పౌరుషంలో.

అప్పుడొచ్చినాడు దేవసహాయం. ఎవరూ పిలవలేదు. మా అత్త పెరటి దారిన ఇంట్లోకి లాగమంది. వాడు వినకుండా నేరుగా ఒడ్డుకు పోయినాడు. ఏం అరుస్తాడోనని నేనూ వెనకాలే పోయినా. ఒక్క నినాదం లేదు. పడవ తాడు తీసి ఇసకలో పరిచి, ఇది మన తీరం అన్నాడు. చేపలకు పెట్టిన ఉప్పు దోసిళ్ళతో తెచ్చి పోసి, ఇది బొమ్మలో కనపడిన మబ్బు అన్నాడు.

"వాయుగుండం దీని నడిమిన ఉందనుకున్నాం. పై గాలి మబ్బును ఇటు ఈడ్చింది, గుండం అటు అంచున ఉండిపోయి సముద్రంలోనే చల్లారింది. తప్పు చదివినాం."

సుబ్బన్న ఉప్పు వంక చూసి, "మళ్ళీ తప్పైతే?" అన్నాడు.

"మళ్ళీ వస్తాను. ఎక్కడ తప్పిందో మీ ముందరే చెప్తాను."

అంతవరకు ఆఫీసరనేవాడు తప్పైనాక ఊళ్ళోకి రావడం మేం చూసి ఎరగం.

మరుసటేడు కార్తీకంలో మళ్ళీ టముకు. అప్పుడూ సముద్రం నిదానంగానే ఉంది. పక్కూరోళ్ళు నవ్వినారు. మీ తాత నోరు తెరవకముందే సుబ్బన్న తన పడవను తాటిచెట్ల దాకా లాగించినాడు. దాన్ని చూసి పక్కూరోళ్ళూ లాగినారు. ఆ తుఫానుకు ఇళ్ళు పోయినాయి, వలలు పోయినాయి. మనిషి ఒక్కడూ పోలేదు. వేటలో ఎవరుంటే గదా.

బస్సుల్లేవు. అయినా దేవసహాయం మోకాటి లోతు బురదలో నడుచుకుంటా వచ్చినాడు. నీళ్ళు ఎంతదాకా వచ్చినాయి, గాలి ఎప్పుడు మళ్ళింది అని ఇంటింటికీ పోయి అడిగినాడు. మళ్ళసారి ఇంకా బాగా చెప్పాలంట. సుబ్బన్నే వాణ్ణి వెంటేసుకోని తిప్పినాడు.

నువ్వూ ఏదో ఒక పెద్ద పనిలోకి పోతావు నాయనా. నీ మాట తప్పైననాడు ముఖం దాచుకోకుండా ఊళ్ళోకి నడిచొచ్చే గుండె దేవుడు నీకియ్యాల. సల్లగా ఉండు...