దున్నని మూల

1957. ఖానాపూర్ దగ్గర ఒక ఏటవాలు చెలకలో సర్కారు ఓవర్సీరు, ఒక ముసలమ్మ నిలబడి ఉన్నారు.

“మన్ను కొట్కపోకుంట సర్కారు గట్లు పోస్తమంటే ఊరంత వద్దన్నది. నువ్వొక్కదానివే పిలిచినవ్, ఏందవ్వా?”

“గీ మూలకు పొయ్యుండ్రి సారూ. వాన పడితే మన్ను నిలుస్తలేదు.”

“ఈ మూల దున్ననే లేదు గద. కింద జొన్నచేను కాడ పోస్తే పంటన్న దక్కుతది.”

“పంట పోతే పోనియ్యి. గీడనే పొయ్యుండ్రి.”

“నీ కొడుకు రజాకార్ల గడ్‌బడ్ల బొంబాయి పోయిండంట గద. మల్ల రాలేదా?”

“రాలే. కోడలు ఇంకా బొట్టు పెట్టుకొని ఎదురు చూస్తది.”

“మరి గీ గట్టు ఎవరి కోసమవ్వా?”

“మొన్నటి వానకు ఈడ వాని చేతి కడెం బయటపడ్డది సారూ. కోడలు చూడకముందే మన్ను కప్పిన.”